పోటు ఎన్నింటికో అడిగారా?

పోయిన నవంబరులో మా మనవడు బెంగళూరు నుంచి ఫోను చేశాడు. "తాతా, శని ఆదివారాలు నలుగురం స్నేహితులం నెల్లూరు వస్తున్నాం. మన తీరమంతా చూసేస్తాం. ప్లాను నీ ఫోనుకు పంపించా, చూసుకో" అన్నాడు. కళ్ళజోడు పెట్టుకుని చూశాను. రంగులు వేసి, గంటలు గీసి ఉంది. శనివారం ఉదయం 7కు నేలపట్టులో పక్షులు. 10కి కృష్ణపట్నం. ఒంటి గంటకు చేపల పులుసు, ఆ హోటలు పేరు పక్కన 4.3 చుక్కలు. 3కు రామతీర్థం గుడి. 5:40కి మైపాడు బీచ్‌లో సూర్యాస్తమయం.

ఆ చివరి మాట దగ్గర నా చూపు ఆగిపోయింది. ఫోను చేశాను. "ఒరే అబ్బయా, మనది తూరుపు సముద్రం రా. మైపాడులో పొద్దు పుట్టేది నీళ్ళల్లోంచి, కుంకేది మన వీపు వెనక, కొబ్బరి చెట్ల మీద. సముద్రంలో పొద్దు కుంకడం చూడాలంటే పడమటి సముద్రానికి పోవాల" అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అందరూ బీచ్ అంటే సాయంత్రమే పెడతారు తాతా" అన్నాడు.

నాకు బాధ కలిగింది అక్కడే. వాడు నెల్లూరు బిడ్డ. వాడి ముత్తాత ఈ తీరాన పుట్టాడు. ఆ పట్టిక రాసేటప్పుడు వాడు ఈ తీరంలో ఉండే ఒక్క మనిషిని, ఒక్క మాట అడగలేదు. నన్ను కూడా అడగలేదు. రాసి పంపించాడు, అంతే.

నేలపట్టు నెల్లూరు నుంచి దాదాపు 80 కిలోమీటర్లు దక్షిణాన ఉంది. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్ళూరుపేటతో పాటు తిరుపతి జిల్లాలోకి పోయింది. రామతీర్థం నెల్లూరుకు ఉత్తరాన విడవలూరు వైపు. ఈ రెండింటినీ ఒక్క పగటిలో కుట్టి, మధ్యలో భోజనం పెట్టి, సాయంత్రానికి మైపాడు చేర్చాడు. అదీ నవంబరులో. దేశమంతా వానాకాలం అయిపోయిందనుకునే నెలల్లోనే మా నెల్లూరుకు అసలు వానలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య గాలి మా చెరువులు నింపుతుంది. ఒక్కోసారి మా ఇళ్ళు కూడా ముంచుతుంది. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది, కోవూరు దగ్గర హైవే మీద బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. 1989 నవంబరులో కావలి తుపాను చూసినవాళ్ళు ఇంకా మా వీధిలో ఉన్నారు. నవంబరులో సముద్రానికి పోవాలంటే పదిమందిని అడిగి పోవాలని వాళ్ళలో ఎవరైనా చెప్తారు.

"ఎండాకాలంలో బార్సిలోనా పొయినాం కదా తాతా, మూడు రోజుల ప్లాను అరగంటలో వేసినా. అంతా గంట కొట్టినట్టు జరిగింది" అని వాడి వాదన. నిజమే కావచ్చు. ఆ ఊళ్ళో సగ్రాద ఫామిలియా గుడిని 1882లో మొదలుపెట్టారట, అది చూడాలంటే రోజు, గంట, నిమిషం వేసిన టికెట్టు ఇంట్లో కూర్చునే కొనుక్కోవచ్చట. మెట్రో దిగితే సముద్రం. ఆ ఊరు వచ్చేవాళ్ళ కోసం ఏళ్ళ తరబడి తన్ను తాను సర్దుకుంది. మా తీరం అట్లా సర్దుకోలేదు. ఇక్కడ ఏ దారి తడిగా ఉందో, ఏ రేవులో వలలు లాగుతున్నారో, ఏ నీళ్ళు మంచివో బోర్డు మీద రాసి ఉండదు. మనుషుల నోళ్ళలో ఉంటుంది. నేను వాణ్ణి ఇంకొకటి కూడా అడిగాను: "బార్సిలోనాలో పొద్దు సముద్రంలో కుంకిందా?" వాడు ఆలోచించి, "లేదు తాతా, అక్కడా తెల్లారే నీళ్ళల్లోంచి వచ్చింది" అన్నాడు. వాడు మధ్యధరా సముద్రం ఒడ్డున చూసినదాన్ని మైపాడుకు వచ్చేసరికి మరిచిపోయాడు.

మా రోజుల్లో ఇట్లా ఉండేది కాదు.

మా నాన్న బడిపంతులు. ఏడాదికొకసారి, మాఘ పౌర్ణమికి సముద్ర స్నానానికి మైపాడు తీసుకుపోయేవాడు. నెల్లూరు నుంచి 25 కిలోమీటర్లు. ఇప్పుడు కారులో ముప్పావు గంట. అప్పుడు మాకు ఆ ప్రయాణం సంక్రాంతి మరుసటి రోజునే మొదలయ్యేది, ఒక పోస్టు కార్డుతో. ఇందుకూరుపేటలో మా మేనత్తకు మా నాన్న ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేవాడు: ఈసారి పౌర్ణమి ఫలానా వారం పడింది, మీ పక్క కోతలు ఎప్పుడు, ఎద్దులు ఖాళీగా ఉంటాయా, దారిలో కాలువకు నీళ్ళు వదిలారా, సముద్రం ఎట్లా ఉంది, రేవులో పెద్దాయన్ని కనుక్కుని రాయండి.

వారానికి జవాబు వచ్చేది. దాన్ని మా అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని చదివించుకునేది. అత్త రాత వంకర టింకరగా ఉండేది, కానీ కార్డులో ఒక్క మూల ఖాళీ వదిలేది కాదు. మొలగొలుకుల వరి ఇంకా పచ్చిగానే ఉంది, కోతకు పది రోజులు పడుతుంది కాబట్టి ఎద్దులు ఖాళీనే. ఫలానా ఊరి దగ్గర తూము పక్క గట్టు తెగింది, చుట్టు తిరిగి రండి. గాలి తెమ్మెర తిరిగింది, సముద్రం నెమ్మదించిందని చేపలు పట్టే పట్టపువాళ్ళు చెప్పారు. పోటు పొద్దున ఇన్ని గంటలకు, పాటు ఇన్ని గంటలకు. పిల్లల్ని పాటులో దించబాకండి. కిందనే అంచు వెంబడి సన్నగా, వచ్చేటప్పుడు చిల్లిగిన్నె తేవాలని గుర్తు చేసేది. ఒక్క కార్డులో పంట, దారి, గాలి, నీరు, ఆ ఇంటి అవసరం అన్నీ ఉండేవి. ఆ కార్డు చదువుతుంటేనే మేము సగం దారి పోయినట్టుండేది.

పౌర్ణమికి ముందు రాత్రి బండి కట్టేవాళ్ళం. బండి నిండా వరిగడ్డి, దాని మీద జంపఖానా, ఇరుసు కింద వేలాడే లాంతరు. పులిహోర ఇత్తడి గిన్నెలో, పెరుగన్నం అరటాకు వేసిన తపేలాలో. ఆ రోజు స్నానం కాబట్టి నీచు ముట్టేవాళ్ళం కాదు. చేపల పులుసు మరునాడు మేనత్త ఇంట్లో. రేవులో కొన్న వంజరం ముక్కలు, పుల్ల మామిడికాయ వేసి మట్టి దాకలో కాచి, రాత్రంతా అట్లాగే ఉంచి, పొద్దున వేడన్నంలో వేసేది. మామిడి ఇంకా పిందె కాబట్టి పులుపు చాలకపోతే చింతపండు ఎంత కలపాలో మా అమ్మా అత్తా వాదించుకునేవాళ్ళు. ఆ దాకకు ఎవరూ చుక్కలు వెయ్యలేదు.

దారిలో మా నాన్న మెలకువగా ఉండి చెప్తూనే ఉండేవాడు. నెల్లూరు దగ్గర 1786లో ఒక రైతు దున్నుతుంటే నాగలి ఇటుకలకు తగిలిందట. తవ్వితే ఒక చిన్న గుడి ఆనవాళ్ళు, అందులో ఒక కుండ, కుండలో రోమను బంగారు నాణేలు. పాపం ఆ రైతు వాటిని పాత బంగారం లెక్కన అమ్ముకున్నాడు, చాలామటుకు కరిగిపోయాయి. ముప్పైకి పైగా నవాబు ఇంటికి చేరాయి. మద్రాసులో గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్సన్ ఆ సంగతంతా ఒక ఉత్తరంలో రాసి పెట్టాడు కాబట్టి మనకు తెలిసింది. ట్రాజన్, హాడ్రియన్ చక్రవర్తుల ముఖాలు, ఫౌస్టీనా రాణి ముఖం. కొన్నిటికి చిల్లులు కూడా ఉన్నాయట, ఎవరో మెడలో కట్టుకున్నట్టు. "మధ్యధరా సముద్రం ఒడ్డున అచ్చు పోసిన బంగారం రా ఇది, మన పొలంలో దొరికింది" అని మా నాన్న చీకట్లోకి చెయ్యి చాపి చూపించేవాడు. ఆ చీకట్లో నాకు పొలం కనిపించేది కాదు, కానీ ఓడలు కనిపించేవి.

అప్పటి ఓడలవాళ్ళ ప్రయాణం ఎట్లా ఉండేదో కూడా చెప్పేవాడు. ఎర్ర సముద్రం దాటి నైరుతి గాలి పట్టుకుని రావడం, ఇక్కడ సరుకు వేసుకుని, గాలి ఈశాన్యానికి తిరిగేదాకా కాచుకుని ఉండి, అప్పుడు తిరిగి పోవడం. అంత పెద్ద రోము రాజ్యం కూడా మన గాలిని అడగకుండా ఒక్క తెరచాప ఎత్తలేదు. నేను మా మనవడికి చెప్పదలచింది ఇదే. గాలిని అడగడంలో చిన్నతనం లేదు.

దుగరాజపట్నం మాట కూడా అప్పుడు విన్నదే. ఇంగ్లీషువాళ్ళు దాన్ని ఆర్మగాన్ అన్నారు. మద్రాసు కంటే ముందు, 1620ల్లోనే అక్కడ వాళ్ళ కొఠీ ఉండేది. అక్కడి పెద్ద ఫ్రాన్సిస్ డే తీరం వెంట దక్షిణానికి పోయి వెతికి, 1639లో ఇప్పటి మద్రాసు చోటు పుచ్చుకున్నాడు. మద్రాసుకు అక్క లాంటి ఊరు మన పక్కనే ఉందని ఎంతమంది నెల్లూరు పిల్లలకు తెలుసు? వాళ్ళ పట్టికల్లో దుగరాజపట్నం లేదు. దానికి ఫోటోలు తక్కువ కాబట్టి లేదు.

ఇంకొక దారి కాలువ దారి. బకింగ్‌హామ్ కాలువ పెదగంజాం నుంచి మరక్కాణం దాకా సముద్రం ఒడ్డు వెంట దాదాపు 420 కిలోమీటర్లు. మా వైపు ఉప్పు కాలువ అనేవాళ్ళు. 1876–78 ధాత కరువులో కూలి పనికింద మద్రాసు ఊళ్ళో ఒక ముక్క తవ్వించి, 1878లో అప్పటి గవర్నరు పేరు పెట్టారు. నా చిన్నప్పుడు ఉప్పు, సవక కట్టెలు దాని మీద మద్రాసుకు పోయేవి. మా అవ్వ పెళ్ళి కాకముందు ఆ పడవలో మద్రాసు పోయింది. ఎన్నాళ్ళు పట్టిందని అడిగితే, "గాలి ఉన్నన్నాళ్ళు తెరచాప, లేనన్నాళ్ళు మనిషి గట్టు మీద తాడు లాగాడు" అనేది. రోజుల లెక్క ఎప్పుడూ చెప్పలేదు. ఏ లాకు దగ్గర ఎవరు మజ్జిగ పోశారో, ఏ ఊరి సరంగు ఎంత బాగా పాడాడో మాత్రం ఎనభై ఏళ్ళ వయసులో కూడా వరసగా చెప్పేది. తుపాన్లకు గట్లు తెగి, రోడ్లు వచ్చి, ఆ పడవలు పోయాయి. ఇప్పుడు కాలువ చాలాచోట్ల గుర్రపుడెక్కతో, ముళ్ళకంపతో నిండి ఉంది. ఆ నీటి మీద మళ్ళీ పడవ పోతే చూడాలని నాకు ఆశ.

మా నాన్న అలమరలో ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర ఉండేది, 1941లో దిగవల్లి వేంకటశివరావు గారు వేయించినది. ఆయన 1830 మే 18న మద్రాసులో బయలుదేరి కాశీ దాకా పోయి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరాడు. ప్రయాణానికి పట్టిక వేసుకోవడం అంటే ఏమిటో చూడాలంటే ఆ పుస్తకం చూడాలి. ఏ మజిలీలో నీళ్ళు మంచివి, ఎక్కడ సామాను దొరుకుతుంది, ఎక్కడ సత్రం, ఏ ఏరు దాటడం కష్టం, అక్కడి జనం ఎట్లా ఉంటారు, అన్నీ అడిగి తెలుసుకుని రాశాడు. తరువాత వచ్చేవాడికి పనికిరావాలని రాశాడు. ఇవాళ ఫోనులో నలుగురు రాసే మాటల్లో "సూపర్", "వేస్ట్" తప్ప నాకేమీ కనిపించవు. నీళ్ళు ఎట్లా ఉన్నాయని ఎవరూ రాయరు.

తెల్లారేసరికి మైపాడు చేరేవాళ్ళం. రేవులో ఒక పట్టపు పెద్దాయన మా కోసమే కాచుకుని ఉన్నట్టు లేచి వచ్చేవాడు. ఆయన మమ్మల్ని వెంటనే నీళ్ళలో దిగనిచ్చేవాడు కాదు. తడి ఇసుక మీద కొంత దూరం నడిచేవాడు, మేమూ వెనకాలే. ఒకచోట ఆగి, ఎండిన కొబ్బరి మట్ట ముక్క ఒకటి తీసి నీళ్ళలోకి విసిరేవాడు. అది ఎటు పోతుందో నడుము మీద చెయ్యి పెట్టుకుని చూసేవాడు. అలలు దాన్ని తిరిగి ఒడ్డుకు తోస్తే సరే. పక్కకు పోయి, తర్వాత లోపలికి లాగేస్తే మరో చోటుకు నడిపించేవాడు. "తెల్లగా విరిగే అల మంచిది అయ్యా. మధ్యలో అల విరక్కుండా నున్నంగా, నల్లంగా కనపడుద్దే, అది చూసి నెమ్మదిగా ఉండాదని దిగబాకండి. ఆడ నీళ్ళు లోపలికి పోతా ఉండాయి" అనేవాడు. అరవై ఏళ్ళు దాటినా ఆ మాట నా చెవిలో ఉంది. నా పిల్లలకు చెప్పాను, నా మనవళ్ళకు చెప్పాను. కానీ వాళ్ళు చెవిలో ఏదో ఒకటి పెట్టుకుని ఉంటారు.

సరే, పోయిన నవంబరు సంగతి. వాళ్ళు నా మాట వినలేదు, వచ్చారు. నేలపట్టులో గూడబాతులు కనిపించాయట. నిజానికి ఆ నెల పక్షులకు మంచి నెలే. అప్పుడే గూళ్ళు కట్టుకుంటాయి, పులికాట్‌కు రాజహంసలు దిగుతాయి. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్ళు పొలానికి బలమని ఆ ఊరి రైతు ఒకాయన నాతో చాలా ఏళ్ళ కిందట చెప్పాడు. వీళ్ళు ఎవరితోనూ మాట్లాడలేదు, ఇరవై నిమిషాలు ఉండి ఫోటోలు తీసుకుని బయలుదేరారు. రామతీర్థం పోవడానికి పొద్దు చాలలేదు. మైపాడుకు దగ్గర దారి అని ఫోను చూపించిన దారిలో మలుపు తిరిగితే, కారు పోయి పోయి రొయ్యల గుంటల మధ్య గట్టు మీద ఆగింది. అటు నీళ్ళు, ఇటు నీళ్ళు, పైన వాన. ఈ గుంటలు వచ్చాక మా తీరంలో దారులు ఏటేటా మారుతుంటాయి, గట్టు దారి గుంట తవ్వినవాడి ఇష్టం. గుంటకు కాపలా ఉన్న కుర్రాడు లాంతరు పట్టుకుని వచ్చి, వెనక్కు వెనక్కు తోయించి, అరగంటకు వాళ్ళను రోడ్డెక్కించాడు. ఆ కుర్రాణ్ణి ముందే అడిగి ఉంటే అరక్షణం పని.

మైపాడు చేరేసరికి చీకటి పడింది. మరునాడు పొద్దున మళ్ళీ పోయారు. వాన వెలిసింది. ఇద్దరు నీళ్ళలో దిగారు, సరిగ్గా నున్నగా ఉన్న చోట. వల బాగుచేస్తున్న ఒక ఆడమనిషి లేచి నిలబడి, పరిగెత్తుకుంటూ వచ్చి, బూతులు తిట్టి బయటకు లాగింది. మోకాళ్ళ లోతు దాకానే పోయారు కాబట్టి సరిపోయింది. మా మనవడు ఈ సంగతి నాకు చెప్పలేదు, వాడి స్నేహితుడు చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ తల్లి పేరు ఏమిటని అడిగాను. ఎవరూ అడగలేదట. దండం కూడా పెట్టలేదట. నాకు కోపం వచ్చింది అక్కడ, సముద్రంలో దిగినందుకు కాదు.

ఫోను పనికిరాదని నేను అనను. తుపాను హెచ్చరిక ఇవాళ ప్రతి పాలెంలో ప్రతి చేతికీ వస్తుంది. మా చిన్నప్పుడు ఆకాశం రంగు చూసి, కాకులు లోపలికి పోతున్నాయని చూసి తెలుసుకునేవాళ్ళం, ఒక్కోసారి తెలిసేలోపే అంతా అయిపోయేది. శ్రీహరికోటలో రాకెట్టు చూడాలంటే ఇప్పుడు పేరు ముందుగా ఫోనులోనే రాయించుకోవాలి. అది మంచి ఏర్పాటే. ఇంతమంది పోయేచోట క్యూ ఉండాలి కదా. పోటు పాట్ల వేళలు కూడా ఫోనులో దొరుకుతాయి. మా మనవడు అవి చూడలేదు, అది వేరే విషయం. పౌర్ణమికీ అమావాస్యకూ పోటు ఎక్కువని, రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుందని వాడికి తెలియదు. మా వీధిలో నా ఈడువాళ్ళకు చదువు లేకపోయినా తెలుసు.

నా గోడు అంతా అడగడం గురించే. మా రోజుల్లో రెండు రోజుల ప్రయాణానికి పది మందిని అడిగేవాళ్ళం. అడిగినందుకు ఆ పది మంది మనకోసం ఎదురు చూసేవాళ్ళు. ఇప్పుడు రెండు రోజుల్లో పది చోట్లకు పోయి వస్తున్నారు, ఆ పది చోట్లా వీళ్ళ కోసం ఎదురు చూసే మనిషి ఒక్కడూ లేడు.

సంక్రాంతికి మా మనవడు వచ్చినప్పుడు పాత పెట్టెలో ఉన్న అత్త కార్డు ఒకటి తీసి వాడి చేతికిచ్చాను. అక్షరాలు అలుక్కుపోయి ఉన్నాయి. వాడు కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు చదివాడు. చిల్లిగిన్నె మాట దగ్గర ఆగి, "అదేంది తాతా?" అన్నాడు. బూందీ దూసేది, కంసాలి వీధిలో దొరికేది అని చెప్పాను. కార్డు వెనక్కు తిప్పి, "ఈ మాఘ పౌర్ణమికి మనమే పోదామా?" అన్నాడు.

ఆ రేవు పెద్దాయన పోయి చాలా కాలమైంది. ఆయన మనవడి నంబరు నా దగ్గర ఉంది. నేను మాట్లాడబోతే, మావాడు ఫోను తీసుకుని తనే చేశాడు. "అన్నా, పౌర్ణమికి మేం వద్దామనుకుంటున్నాం. పోటు ఎన్నింటికి? దిగొచ్చా?" అని అడిగాడు. అటు నుంచి మాటలు నాకు వినపడేటట్టు ఫోను బల్ల మీద పెట్టాడు.

"రండి అన్నా. వేళ ఇప్పుడే చెప్తే ఏం లాభం, గాలి చూడాల. ముందు రోజు సాయంత్రం ఒకసారి చెయ్యి, నేను రేవుకు పోయి చూసి చెప్తా. తాతను కూడా తీసుకురా. మా అబ్బ వాళ్ళను ఏ చోట దించేవాడో ఆ చోటు నాకు తెలుసు."